సార్ రక్తంలో గొర్రె ఉన్ని

ఆ అమ్మాయి మా ల్యాబ్‌లో చేరిన నెల తిరక్కముందే నాకు ఆమె అంటే పడకుండా పోయింది. ఎవరైనా కారణం అడిగితే ఏదో ఒకటి చెప్పేదాన్ని, పెద్దా చిన్నా తెలియదనో, చెప్పిన మాట వినదనో. నిజానికి మర్యాదలో ఆమెకు వంక పెట్టడానికి లేదు, చెప్పింది చెప్పినట్టు చేసేది. అసలు కారణం ఆమె చెయ్యి. ఆ చేతిలో కణాలు బతికేవి, నా చేతిలో చచ్చేవి.

తిరుపతిలో మాది నలుగురే పనిచేసే చిన్న ల్యాబ్. మనిషి రక్తంలో రోగాలతో పోరాడే తెల్లకణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో తెలుసుకోవడం మా పని. క్రిమి తగిలిన కణం కొన్ని ప్రొటీన్లను బయటికి వదులుతుంది. పక్క కణం వాటిని అందుకుని మేలుకుంటుంది, తన వంతుగా మరికొన్ని వదులుతుంది. జ్వరం రావడం, ముదరడం, దిగడం అన్నీ ఈ మాటల మీదే నడుస్తాయి. మేము కణాలను గిన్నెలో పెంచి, రెచ్చగొట్టి, అవి మునిగి ఉన్న ద్రవాన్ని తీస్తాం. వాటి మాటలన్నీ ఆ ద్రవంలోనే ఉంటాయి. అందులోని ప్రొటీన్లను ఎంజైముతో ముక్కలు చేసి ఒక యంత్రానికి ఇస్తే, అది ఒక్కో ముక్కనూ తూచి, ఏది ఏ ప్రొటీన్‌లోదో చెబుతుంది. ఆ యంత్రం మా దగ్గర లేదు, బెంగళూరులో ఉంది. ఎప్పుడో ఒకసారి మాకు పన్నెండు ట్యూబులకు చోటు దొరుకుతుంది.

అప్పటికి నేను ల్యాబ్‌లో చేరి నాలుగేళ్లయింది. నాది బంగారుపాళ్యం, మామిడి తోటల ఇల్లు. నాయన బెంగళూరా కాయ కోయించి పల్ప్ ఫ్యాక్టరీకి పంపే మనిషి. నేను కొండ కింద కూర్చుని ఏం చేస్తున్నానో ఆయనకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఇంటికి వెళ్లినప్పుడల్లా ఒక్కటే అడిగేవాడు, నీ సదువు ఎప్పుడయిపోతాదమ్మా అని. మరో ఏడాదితో నా ఫెలోషిప్ అయిపోతుంది. ఈలోగా నా పేరు ముందుండే పేపరు ఒకటి రాకపోతే థీసిస్ అటకెక్కినట్టే.

ఆ అమ్మాయిది చిత్తూరు. వాళ్ల నాయనకు పరుపుల కొట్టు ఉంది. దూది ఏకడం, పరుపులూ దిండ్లూ కుట్టడం వాళ్ల పని. ఇంటికి ఫోను చేస్తే ఉర్దూలో మాట్లాడేది, మాతో మా చిత్తూరు తెలుగే. తలకు గుడ్డ చుట్టుకుని వచ్చేది. నన్ను మొదటిరోజే అక్కా అంది, నువ్వు అంది. నాకు ఒక అన్న తప్ప తోబుట్టువులు లేరు. ఆ పిలుపు చెవికి బాగానే ఉండేది. నాకంటే చిన్నది, నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చింది, నేర్పుదాం అనుకున్నాను.

మొదట నేర్పింది రక్తం పొర పోయడం. ట్యూబు అడుగున ఒక చిక్కటి ద్రవం ఉంటుంది. దాని మీద రక్తం కలవకుండా, తొణక్కుండా పోయాలి. తర్వాత ట్యూబును యంత్రంలో పెట్టి గిర్రున తిప్పితే నడుమ తెల్లటి పొర తేలుతుంది. మాకు కావలసిన కణాలన్నీ అందులోనే ఉంటాయి. అది సరిగ్గా పోయడం నాకు ఎనిమిది నెలలకు వచ్చింది. ఆ పిల్లకు రెండోరోజు వచ్చింది. ట్యూబు కొంచెం వంచి, గోడమీదుగా బొట్టు బొట్టుగా జార్చింది. ఒక్క ఎర్ర చార కిందికి దిగలేదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, పరుపులకు దారం లాగేటప్పుడు గుంజితే గుడ్డ చిరుగుతుందని, వాళ్ల నాయన చిన్నప్పటి నుంచి మెల్లగా లాగడం అలవాటు చేశాడని చెప్పింది. నేను బాగుందన్నాను. లోపల కడుపు మండింది.

ఆ రక్తం ఎవరిదో కూడా చెప్పాలి. మా ల్యాబ్ పెద్దను మేం సార్ అంటాం. రక్తం ఇచ్చేవాళ్లు దొరకని రోజుల్లో ఆయనే చొక్కా చెయ్యి మడిచేవారు. ఆయన రక్తంలో సగం నాకు, సగం ఆమెకు. ఒకే మనిషి కణాలు, ఒకే ఇన్‌క్యుబేటర్, పక్కపక్క అరలు. మర్నాడు నీలం మందు వేసి మైక్రోస్కోపులో చూస్తే చచ్చిన కణాలు మాత్రమే నీలంగా కనబడతాయి. ఆమె గిన్నెలో ఎక్కడో ఒకటీ అరా. నా గిన్నెలో ఎటు జరిపినా నీలమే. చివరికి సార్ రక్తం కూడా ఆమె పక్షం చేరిపోయింది కదా అని బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను.

కుళ్లు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అది పెద్ద పనులు చేయించదు, చిల్లర పనులు చేయిస్తుంది. ద్రవాలు బొట్టు లెక్కన పీల్చి వదిలే పిపెట్లలో మంచిదాన్ని నా సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాను. ఆమె తలగుడ్డ నుంచి నూగు రాలుతోందని, పరుపుల ఇంటి దుమ్మంతా ల్యాబ్‌లోకి వస్తోందని సార్‌కు చెప్పాను. సార్ ఆమెను పిలిచి మెల్లగా అడిగారు. ఆమె సరే సార్ అంది. ఆ సోమవారం చిత్తూరు నుంచి తెల్లటి గుడ్డతో కుట్టిన టోపీలు తెచ్చింది. చెవుల దాకా వచ్చి, వెనక నాడాతో బిగిసే టోపీలు. వాళ్ల నాయన కుట్టాడట. తనకు ఒకటే కాదు, ల్యాబ్‌లో అందరికీ. సార్ ముచ్చటపడి వెంటనే పెట్టుకున్నారు. నాది మడత విప్పకుండా సొరుగులో, ఆ పిపెట్ పక్కన పడేశాను.

శీతాకాలంలో బెంగళూరు నుంచి కబురు వచ్చింది, పన్నెండు ట్యూబులకు చోటుందని. సార్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఇద్దరూ ఆయన రక్తంతోనే ఒకే ప్రయోగం మొదటి నుంచి చివరిదాకా ఎవరికి వారు చేయాలి. ఆరు ట్యూబులు నావి, ఆరు ఆమెవి. ఎవరివి శుభ్రంగా వస్తే తర్వాత పెద్ద ప్రయోగం వాళ్లదే, పేపరులో మొదటి పేరు వాళ్లదే. ఆయన మంచికే అన్నారు. నాకు మాత్రం నాలుగేళ్ల కష్టాన్ని నాలుగు నెలల పిల్లతో సమానంగా పెట్టినట్టు అనిపించింది.

ఆ పనిలో చివరి మెట్టు, ప్రొటీన్లను ముక్కలు చేసేది, సోమవారం పడింది. ముందురోజు ఆదివారం మా అన్న కొడుకుకి పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు వెళ్లాం. తెల్లవారుజామున చలి కొరికేస్తోంది. నేను నా మెరూన్ రంగు ఉన్ని స్వెటర్ వేసుకున్నాను. పిల్లవాడు మేనమామ ఒళ్లో కత్తి చూడగానే గుక్కపట్టి ఏడ్చి, నా మీదికి దూకాడు. చివరికి నా ఒళ్లోనే గుండు చేశారు. నీళ్లు, వెంట్రుకలు, వాడి ముక్కు, అన్నీ నా స్వెటర్ మీదే. దులుపుకున్నాను. మర్నాడు పొద్దున ల్యాబ్‌లో ఏసీ చలికి అదే స్వెటర్ వేసుకుని, దానిమీద తెల్లకోటు తొడుక్కుని కూర్చున్నాను. కోటు చేతులు పొట్టి, స్వెటర్ చేతులు మణికట్టు దాకా బయటికి వచ్చి ఉన్నాయి.

ఆ అమ్మాయికి లడ్డు ఇచ్చాను. కళ్లకద్దుకుని తీసుకుంది. పిల్లోడు ఏడ్చినాడా అని అడిగింది. తర్వాత నా చేతుల వైపు చూసి మెల్లగా చెప్పింది.

"అక్కా, స్వెటర్ తీసి పక్కన పెట్టేయక్కా. చేతుల మీద ఎంటికలు ఉండాయి."

"నాలుగేండ్లుగా ఈ పని చేస్తా ఉండాను," అన్నాను. "నువ్వు నాకు నేర్పిస్తావా?"

ఆమె తన ట్యూబుల వైపు తిరిగింది. ఇంకెవరు చెప్పినా నేను ఆ స్వెటర్ తీసేసి ఉండేదాన్ని. ఆమె చెప్పింది కాబట్టి సాయంత్రం దాకా ఒంటిమీదే ఉంచుకున్నాను.

ట్యూబులకు అంకెలు అంటించడం, డబ్బా తీసుకువెళ్లడం మా ల్యాబ్‌లో పెద్దవాళ్ల పని. ఆమె తన ఆరు ట్యూబులూ నా చేతిలో పెట్టింది. నావి ఒకటి నుంచి ఆరు, ఆమెవి ఏడు నుంచి పన్నెండు అని అంటించాను. థర్మాకోల్ డబ్బాలో డ్రై ఐస్ మధ్య సర్ది, మర్నాడు పొద్దునే బెంగళూరు బస్సెక్కాను. ఒళ్లో డబ్బా, సంచిలో ఇంకా నింపని కాగితం ఒకటి. ఏ అంకె ఎవరిదో అందులో రాసి ఇవ్వాలి. బెంగళూరువాళ్లకు ఆ కాగితమే ఆధారం.

చిత్తూరు బస్టాండులో బస్సు ఆగగానే కిటికీ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. గడ్డం నిండా దూది పీచు. ఆ అమ్మాయి నాయన. కూతురు ఫోను చేసి చెప్పిందట, అక్క ఈ బస్సులో వస్తోందని. ఒక చేతిలో టిఫిన్ క్యారియర్. ఇంకో చేతిలో దూది పెట్టి కుట్టిన దళసరి తొడుగు, మా డబ్బాకు సరిగ్గా సరిపోయేది. కొలతలు కూతురు పంపించిందట. సల్లదనం బయటికి పోకుండా ఉంటాదని చెప్పి, కిటికీలోంచి చేతులు పెట్టి తనే డబ్బాకు తొడిగాడు.

"మా పాప పొద్దస్తమానం నీ మాటే చెప్తాదమ్మా," అన్నాడు. "అక్కే అంతా నేర్పిచ్చిందంట."

బస్సు కదిలింది. ఆ మాటకు నా మనసు కరగాలి. ఇంకా మండింది. మా నాయన ఒక్కనాడైనా ఈ డబ్బాలో ఏముందని అడిగాడా? కణాలు బతికే చెయ్యి ఆమెకే, కొలతలు తీసి తొడుగు కుట్టే నాయనా ఆమెకే. ఆ మెత్తటి తొడుగు ఒళ్లో పెట్టుకుని బంగారుపాళ్యం దాకా అదే నెమరేశాను. మా ఊరి తోటలు కిటికీలో వెనక్కి పోతున్నాయి. నా గిన్నెలోని నీలమంతా కళ్లముందు ఉంది. చచ్చిన కణాలు పగిలి లోపలిదంతా కక్కేస్తాయి, కణం చెప్పిన మాటేదో, పగిలి కారిందేదో తేడా తెలియదు. నా ఆరు ట్యూబులూ పనికిరావని యంత్రం చూడకముందే నాకు తెలుసు. కాగితం తీశాను. ఒకటి నుంచి ఆరు దగ్గర ఆమె పేరు రాశాను. ఏడు నుంచి పన్నెండు దగ్గర నా పేరు రాశాను. బస్సు కుదుపుకు అక్షరాలు వంకరపోతే, పలమనేరులో బస్సు ఆగినప్పుడు వాటిమీద మళ్లీ దిద్దాను. తర్వాత క్యారియర్ విప్పి వాళ్లమ్మ పంపిన కుష్కా, ముక్కల్లేని బిర్యానీ అన్నం, తిన్నాను. చాలా బాగుంది.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. సార్ అందరినీ పిలిచి గోడమీద తెర వేశారు. నా పేరున్న ఆరు ట్యూబులు కడిగిన ముత్యాలు. రెచ్చగొట్టిన కణాలు వదిలిన ప్రొటీన్లు, ఊరికే ఉన్న కణాలు వదలనివి, అన్నీ వేటికవి తెలుస్తున్నాయి. సార్ నా వైపు చూసి తల ఊపారు. ఆమె పేరున్న ఆరింటిలో కణాల మాట వినబడనంతగా వేరే ప్రొటీన్లు నిండిపోయి ఉన్నాయి. పైవరసలో మనిషి వెంట్రుకల ప్రొటీను. చర్మం పొట్టు ఎవరి ట్యూబులోనైనా కాస్త పడుతుంది, దాని ప్రొటీను వేరు. ఇది అచ్చంగా వెంట్రుక. దాని కిందనే గొర్రె ఉన్ని ప్రొటీను. యంత్రానికి మొహమాటం లేదు, లోపల పడింది ఏదైనా తూచి చెప్పేస్తుంది.

తన రక్తంలోకి గొర్రె ఎట్లా వచ్చిందని సార్ అడిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఉన్ని అన్న మాట చూసిన క్షణంలోనే అది నా స్వెటర్‌దని తెలిసింది, అయినా నవ్వాను. సార్ ఆమెను ఇంటి దుమ్ము గురించి అడిగారు. ఆమె లేచి నిలబడి, తమ పరుపుల్లో ఉండేది దూది అని, దూదిలో ప్రొటీను ఉండదు కాబట్టి అది యంత్రానికి కనబడదని, ఉన్ని తమ ఇంట్లో లేదని చెప్పింది. మాట తడబడలేదు. సార్ నమ్మినట్టు లేదు. రెండు నెలలు కణాలు ముట్టుకోవద్దన్నారు. ల్యాబ్ శుభ్రత నియమాలు కూర్చుని రాయమన్నారు. పెద్ద ప్రయోగం నాకు ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నేను ఒక్కదాన్నే ఉంటే వచ్చింది. కోపం లేదు ముఖంలో. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది.

"అక్కా, ఆ ఎంటికలు నీ మేనల్లుడివి. ఆ పొద్దు నీ చేతుల మీద నేను సూసినాను," అంది. "సార్‌కు నేను చెప్పను. నువ్వే చెప్తావని వచ్చినాను."

నీళ్లు పారుతున్నాయి. పంపు కట్టలేదు నేను. ఏం మాట్లాడుతున్నావు, నా ట్యూబులు శుభ్రంగా వచ్చినాయి కదా, రిపోర్టు సూడలేదా అన్నాను.

ఆమె చెయ్యి చాచి పంపు కట్టేసింది.

"సరే మేడం," అంది.

ఆ రోజు నుంచి నేను మేడం అయ్యాను. గుడ్ మార్నింగ్ మేడం. ఫ్రిజ్ తాళం మీ దగ్గరుందా మేడం. నువ్వు పోయి మీరు వచ్చింది. నాలుగు అడుగుల దూరంలో కూర్చుని నియమాలు రాసుకునేది, నేను అడిగినదానికి బదులు చెప్పేది, అంతే. నేనేమో పెద్ద ప్రయోగం మొదలుపెట్టి మళ్లీ సార్ రక్తాన్ని పాడుచేస్తున్నాను. గిన్నె నిండా నీలం. తలెత్తితే ఆమె వంచిన తల, తెల్లటి టోపీ. చేతులు కట్టేసి కూర్చోబెట్టినా ఆమె మీద నాకు అసూయ తగ్గలేదు. ఆమె దగ్గర దాచుకోవలసింది ఏమీ లేదు కదా అని అసూయపడ్డాను. రాత్రి నిద్రపడుతుంది కదా అని అసూయపడ్డాను.

నేను గొప్పదాన్నై నిజం చెప్పలేదు. చేసిన తప్పుతో ఎలాగో సర్దుకుని బతికేసేదాన్నేమో. ఆ మేడంతో మాత్రం బతకలేకపోయాను. చెప్పేస్తే మళ్లీ అక్కా అంటుందని ఆశపడ్డాను. అంత స్వార్థంతోనే ఒక పొద్దున సార్ గదిలోకి వెళ్లి, స్వెటర్ దగ్గర మొదలుపెట్టి బస్సులో రాసిన కాగితం దాకా మొత్తం చెప్పాను.

సార్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"ఆ పిల్ల నా ముందు నిలబడి ఉన్ని లేదని చెప్పినప్పుడు, నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా," అన్నారు.

ఉన్నానని చెప్పాను. ఆయన కాగితం తెప్పించి, జరిగింది నా చేత్తోనే రాయించారు. సరిచేసిన వివరాలు బెంగళూరుకు వెళ్లాయి. పెద్ద ప్రయోగం ఆమెకు వచ్చింది, పేపరులో మొదటి పేరు ఆమెది. నన్ను ల్యాబ్‌లోంచి పంపేయలేదు. ట్యూబులకు అంకెలు అంటించే పని మాత్రం మళ్లీ ఎప్పుడూ ఇవ్వలేదు. అందరినీ పిలిచి, రిపోర్టు రోజున నవ్విన వాళ్లందరి ముందు నా చేత చెప్పించారు. నేను ఆమె వైపు తిరిగి క్షమించమన్నాను. ఆమె లేచి నిలబడింది.

"పర్వాలేదు మేడం," అంది.

ఏడాదిన్నర దాటింది. ఫెలోషిప్ అయిపోయినా నా థీసిస్ ఇంకా నడుస్తోంది, చిన్న సమస్య ఒకటి పట్టుకుని దానిమీద పడి ఉన్నాను. బెంగళూరు డబ్బా ఇప్పుడు ఆమె తీసుకువెళ్తుంది, వాళ్ల నాయన కుట్టిన తొడుగులోనే. సొరుగులోని టోపీ మడత విప్పి నేనూ పెట్టుకుంటున్నాను. మొదటిరోజు ఆమె చూసి, తన పనిలో పడింది. పొర పోయడంలో నా చెయ్యి ఎక్కడ తప్పుతోందో అడిగితే పక్కన నిలబడి, ట్యూబు ఇంకొంచెం వంచండి మేడం అని ఓపిగ్గా చెబుతుంది. నా కణాలు ఇప్పుడు కొంచెం బతుకుతున్నాయి.

మధ్యాహ్నం రెండు గంటలకు ల్యాబ్ తుడవడానికి ఒకావిడ వస్తుంది. ఆవిడ చీపురు పట్టుకుని తలుపు తీయగానే ఆ అమ్మాయి పని ఆపి, తలెత్తి అడుగుతుంది, అక్కా, తిన్నావా అని. ఆవిడ తిన్నానంటుంది, ఒక్కోసారి లేదంటుంది. నేను పిపెట్ చేత్తో పట్టుకుని, ఆవిడను చూసి కుళ్లుకుంటూ కూర్చుంటాను.